పులిబొమ్మ వాడికి రెండు రాజులు వదిలేసిన శుక్రవారం

ఆ శుక్రవారం పొద్దున్న పాపను పక్క బిల్డింగులో డాన్సు క్లాసుకి దింపి, కింద బఖాలా కొట్లో పాలు కొనుక్కుని, చెప్పినదానికన్నా అరగంట ముందే ఇంటికి వచ్చేశాను. మా ఆయన బెడ్‌రూమ్ తలుపు వేసుకుని ఉన్నారు. ఆఫీసు మీటింగ్ ఉందని రాత్రే చెప్పారు. సెలవురోజు మీటింగేమిటని నేను అడగలేదు. తొమ్మిదిన్నరకి నా ఆట ఉంది మరి. చప్పుడు చేయకుండా వంటింట్లో స్టూలు మీద కూర్చుని, సౌండ్ తీసేసి, టాబ్లెట్ తెరిచాను.

ఆట అంటే పేకాటే. ఆన్‌లైన్లో పోకర్ టోర్నమెంటు. ఆయన తన పాత టాబ్లెట్ నాకిచ్చినప్పుడే ఆ యాప్ అందులో ఉంది. పాప ఏదో నొక్కితే దిగి ఉంటుందనుకున్నాను. మొదట ఉచిత ఆటలు ఆడాను. ఒకదాంట్లో ఏవో నాలుగు డాలర్లు వస్తే వాటితోనే వారానికొక డాలరు ఆట ఆడేదాన్ని. ఈ అరబ్బు దేశంలో అది కూడని పనే. అందుకని ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి అసలే చెప్పలేదు.

మొదట్లో అందరికీ సమానంగా చిప్స్ ఇస్తారు. అవి పోతే బయటికి. డాలరు ఆటలో సగంమంది ఓపిక లేనివాళ్ళే. కూర్చున్న పది నిమిషాలకే ఉన్నదంతా మధ్యలోకి తోసేస్తారు. వాళ్ళతో పాటు మనమూ తోసెయ్యాలా, ముక్కలు పడేసి దిగిపోయి చూస్తూ కూర్చోవాలా అన్నదే కష్టం. పోయేది డాలరే. అయినా ఆ నిర్ణయం దగ్గర నా అరచేతులకి చెమటలు పట్టేవి.

అలా తోసేవాళ్ళలో ఒకడికి పేరు పక్కన పులిబొమ్మ ఉండేది. మూడు వారాలుగా చూస్తున్నాను. ముక్కలు చూసుకుంటాడో లేదో కూడా తెలియదు, మొదటి పావుగంటలోనే అంతా పెట్టేసి పోయేవాడు. వీడు నా బల్ల దగ్గర దొరికితే బాగుణ్ణు అనుకునేదాన్ని.

ఆ రోజు దొరికాడు. నాకు రెండు రాజులు వచ్చాయి. మొదట చేతికి వచ్చే రెండు ముక్కల్లో రాజుల జతను మించింది ఆసుల జత ఒక్కటే. నేను పందెం పెంచాను. మిగతావాళ్ళంతా దిగిపోయారు. పులిబొమ్మ వంతు వచ్చింది. తెర మీద గడియారం తిరగడం మొదలైంది. వాడు ఆలోచిస్తున్నాడు.

అప్పుడు బెడ్‌రూమ్‌లోంచి టింగ్, టింగ్ అని వినిపించింది. సమయం అయిపోతోందని ఆ యాప్ చేసే చప్పుడు. నా టాబ్లెట్ వైపు చూశాను. సౌండ్ తీసేసే ఉంది.

"పోతే పోనీ, ఎహె!" అన్నారు లోపల మా ఆయన.

నా ఎదురుగా తెర మీద పులిబొమ్మ చిప్స్ మొత్తం మధ్యలోకి జారాయి.

ఇంట్లో ఇంకెవరూ లేరు. పులిబొమ్మ ఆయనే. కానీ ఇది ఆయనెలా అవుతుంది? ఆయన మిర్కాబ్‌లో ఒక లిఫ్టుల కంపెనీలో ఇంజనీరు. ఫ్రిజ్ కొనడానికి నాలుగు నెలలు ఆలోచించిన మనిషి. ఫహాహీల్ వెళ్ళేటప్పుడు ఏ దారిలోకి తిరగాలో తేలక రౌండబౌట్ చుట్టూ రెండుసార్లు తిప్పేవారు. పాప స్కూలు కూడా చివరికి నేనే తేల్చాల్సి వచ్చింది.

ఇప్పుడు గడియారం నా దగ్గర తిరుగుతోంది. మూడు వారాలుగా చూసిన పులిబొమ్మను నమ్మితే కళ్ళు మూసుకుని కాల్ చెయ్యాలి, అంటే నేనూ అంత పెట్టెయ్యాలి. పన్నెండేళ్ళుగా చూసిన మనిషిని నమ్మితే, ఆయన చేతిలో ఆసులు లేనిదే అంత పెట్టరు. మా ఆయన నాకు తెలియకపోవడమేమిటి? పులిబొమ్మ పాత ఆటలన్నీ ఆ క్షణాన నాకు లెక్కలోకే రాలేదు. రాజులు వదిలేసి దిగిపోయాను.

పులిబొమ్మ తన ముక్కలు తిప్పి అందరికీ చూపించాడు. ఏడు, రెండు. పేకలో అంతకన్నా పనికిమాలిన జత లేదు.

లోపల ఆయన నవ్వారు. గట్టిగా, పగలబడి. ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. వేరే మగమనిషెవరో మా గదిలో ఉన్నట్టనిపించింది.

వెళ్ళి తలుపు తోశాను. ఆయన మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఫోన్ దిండు కిందికి తోశారు. నేను టాబ్లెట్ తిప్పి చూపించాను.

కాసేపు ఆయనకి అర్థం కాలేదు. తర్వాత మొహం పాలిపోయింది.

"అది... నువ్వా?"

"నేనేనండి."

"ఇందాక దిగిపోయింది నువ్వేనా? ఏం పట్టుకున్నావు?"

"రెండు రాజులు."

"రెండు రాజులు పట్టుకుని దిగిపోయావా!" అని లేచి నిలబడ్డారు. "ఎవరైనా దిగుతారా? ఎందుకు దిగావు?"

"మీరని తెలిసి. ఆసులు లేకపోతే మీరంత పెట్టరు కదా అని."

ఆయన మళ్ళీ కూర్చుండిపోయారు. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. దిండు కింద నుంచి ఫోన్ తీసి ఆపేసి, "కంపెనీవాళ్ళు నాకు ఇఖామా రెన్యువల్ చెయ్యరంట," అన్నారు.

"ఏంటండీ?" అన్నాను. ఇఖామా లేనిదే ఈ దేశంలో ఉండనివ్వరు.

"కాయితం ఇచ్చి మూడు వారాలైంది. నెలన్నరలో ఉద్యోగమిచ్చే ఇంకో కఫీల్‌ని చూసుకోవాలి, లేదా ఖలాస్, మన ఊరు పోవడమే. ఫర్వానియాలో ఒకాయన రమ్మంటున్నాడు. ఇంజనీరుగా కాదు, టెక్నీషియన్‌గా. రోజూ ఫోన్ చేద్దామనుకుంటాను, చెయ్యలేను. ఇందులో అయితే... ఒక్క నొక్కుతో తేలిపోద్ది. ఏదో ఒకటి తేలుద్ది కదా అని."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ ముందు వచ్చింది భయం. మూడు వారాలు ఒకే పళ్ళెంలోంచి తిన్నట్టు తిన్నాం. ఆయన టిఫిన్ డబ్బా కట్టిచ్చాను. ఒక్కరోజు కూడా నాకు అనుమానం రాలేదు. ఈ మనిషి నాకు కొట్టినపిండి అనుకుంటూ, ఆ నమ్మకం మీదే నిమిషం క్రితం రాజులు వదిలేసి వచ్చాను.

"నాకు చెప్పాలి కదండీ," అన్నాను.

"నువ్వు మాత్రం చెప్పావా?" అన్నారు, చాలా మెల్లిగా. నేను టాబ్లెట్ మంచం మీద పెట్టి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

మసీదు నుంచి జుమ్మా బాంగు వినిపించేదాకా అలాగే ఉన్నాం. తర్వాత పాపను తీసుకురావడానికి ఇద్దరం కలిసి దిగాం. దారిలో ఆయన ఆగి, పక్క బిల్డింగు నీడలో నిలబడి ఫర్వానియా ఆయనకి ఫోన్ చేశారు. "సరేనండి, వస్తానండి," అన్నారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఫోన్ పెట్టేశాక గోడకి ఆనుకుని కాసేపు ఊపిరి పీల్చుకున్నారు. నేను ముందు నడిచాను. ఆగితే మళ్ళీ ఆలోచనలో పడతారేమోనని భయం.

వేరేచోట చేరడానికి పాత కంపెనీ రిలీజ్ కాయితం ఇచ్చింది. నెల తిరక్కుండానే ఫింటాస్‌లో ఉంటున్న ఇల్లు ఖాళీ చేసి ఫర్వానియాలో ఒంటిగది ఫ్లాటులోకి మారాం. ఇద్దరం ఆ యాప్ తీసేశాం. ఇప్పుడు ఆయన నీలం యూనిఫాం వేసుకుని పొద్దున్నే బస్సెక్కుతారు. సాయంత్రం వచ్చాక, అడగకుండానే ఆ రోజు ఏ బిల్డింగులో ఏ లిఫ్టు ఆగిందో మొత్తం చెప్తారు. నేను కూర తరుగుతూ వింటాను. మధ్యలో ఎప్పుడైనా ఆయన పగలబడి నవ్వుతారు, అప్పుడు మాత్రం కత్తి ఆపి ఆ మొహం వైపు ఒకసారి చూడకుండా ఉండలేను.