సబ్బుబిళ్ల పెద్దమ్మ అడిగిన మురికి

మా పెద్దమ్మను పిల్లలమంతా చాటుగా సబ్బుబిళ్ల అనేవాళ్లం. ఆసుపత్రిలో ఆపరేషన్ సామాను కడిగి, ఆవిరిలో ఉడికించి, గుడ్డలో మూటగట్టి పంపడం ఆమె ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా అదే వరస. ఆమె ఇంట్లో కూర్చోవాలంటే, ముందు మనల్ని ఉడికించి ఆరేస్తుందేమోనని భయం వేస్తుంది. మా మేనత్త ఇంట్లోనైతే మంచినీళ్లు కూడా ముట్టదు. "ఆ గ్లాసు కడిగి ఎన్నాళ్లయిందో!" అని ఒకసారి అందరి ముందూ అనేసింది. అత్త ఆ మాట మరిచిపోలేదు. ఇద్దరి మధ్యా నలిగింది మా అమ్మ.

అమ్మకు కడుపులో గడ్డ తీశారు, పెద్దమ్మ పనిచేసే ఆసుపత్రిలోనే. రేపోమాపో ఇంటికి పంపుతామనగా కుట్లు చీము పట్టాయి. "ఎవరి తప్పూ కాదమ్మా, ఒక్కోసారి ఇలా అవుతుంది" అన్నాడు డాక్టరు. పెద్దమ్మ నమ్మలేదు. ఆ కత్తెరలూ పట్టుకార్లూ తన చేతుల మీదుగా వెళ్లినవే మరి.

మంచం మీద నుంచి అమ్మ రోజూ అడిగేది చేపల గురించే. నాన్న చనిపోయిన ఏడాదే తెచ్చిన గోల్డ్ ఫిష్ జత అది. అదే రోజు తన చెల్లెలికీ, అంటే మా మేనత్తకీ, ఒక జత కొనిచ్చాడు. నాతో చెప్పని సంగతులు కూడా అమ్మ వాటితో చెప్పుకుంటుంది. ఇంటికి తాళం పడింది కనుక నేనూ, తొట్టితో సహా చేపలూ పెద్దమ్మ ఇంటికి చేరాం.

ఆ తొట్టి చూడగానే పెద్దమ్మ ముఖం చిట్లించింది. అద్దాలకు పాచి, ఫిల్టర్ స్పాంజి నిండా గోధుమరంగు జిగురు. "ఇందులో ఇన్నాళ్లూ ఎలా బతికాయే ఇవి!" అంటూ ఆ తొట్టిని అవతల పారేసి కొత్త తొట్టి తెచ్చింది. గులకరాళ్లు ఉడికించింది. స్పాంజినీ వదల్లేదు. చెల్లెలి పుండును ఏమీ చేయలేని బాధంతా ఆ స్పాంజి మీద చూపిస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. అడ్డుపడితే నన్నూ తోమేసేలా ఉంది.

తొట్టి తళతళలాడింది. చేపలు మొదట్లో హుషారుగానే తిరిగాయి. తర్వాత నీటి పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేయడం మొదలుపెట్టాయి. మొప్పలు ఎర్రబడ్డాయి. ఇంకా ఏదో మురికి మిగిలిందనుకుని పెద్దమ్మ నీళ్లన్నీ పారబోసి, స్పాంజితో సహా మళ్లీ కడిగింది. మర్నాడు చిన్నది వెల్లకిలా తేలింది. దాన్ని అరచేతిలో పట్టుకుని పెద్దమ్మ అలాగే నిలబడిపోయింది.

"ఎలా ఉన్నాయక్కా?" అని అమ్మ అడిగితే, "బాగున్నాయి" అంది, దిండు సర్దుతూ.

నేను చేపల కొట్టుకు పరుగెత్తాను. కొట్టతను అంతా విని తల పట్టుకున్నాడు.

"స్పాంజి ఉడకబెట్టేశారా! చేపల మలం నీళ్లలో విషమవుతుందమ్మా. ఆ విషాన్ని తినే సూక్ష్మజీవులు ఆ జిగురులోనే ఉంటాయి. కొత్త తొట్టిలో అవి పెరగాలంటే వారాలు పడుతుంది. అప్పటిదాకా మేత చిటికెడే వెయ్యండి. రోజూ కొంచెం నీళ్లు మార్చండి, అదీ క్లోరిన్ పోయిన నీళ్లతో. ఎవరిదైనా పాత తొట్టి ఉంటే అందులో స్పాంజి ముక్క తెచ్చి పెట్టండి. కడిగారో, మళ్లీ మొదటికొస్తుంది."

వచ్చి పెద్దమ్మకు చెప్పాను. మురికి ప్రాణం నిలబెడుతుందంటే ఆమెకు మింగుడుపడలేదు. ఆ మురికి ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఇద్దరికీ తెలుసు.

తలుపు తీసిన అత్త, గడపలో పెద్దమ్మను చూసి నోరు తెరిచింది. లోపల మూలన నాన్న కొనిచ్చిన రెండో జత, టీ రంగు నీళ్లలో బొద్దుగా తిరుగుతోంది.

"వదినా, నీ ఫిల్టర్ స్పాంజి సగం కోసివ్వు. కడగకుండా."

అత్త నడుం మీద చేయి వేసుకుంది. "నా ఇంటి మురికి కావాల్సొచ్చిందా నీకు?"

"కావాలి. ఒకదాన్ని చంపేశాను. రెండోది కూడా పోతే చెల్లికి నా ముఖం ఎలా చూపించను?"

అత్త దగ్గర ఇంకా చాలా మాటలే సిద్ధంగా ఉన్నట్టున్నాయి. అవన్నీ మింగేసి, లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. అంచు మీద వేలిముద్రలు నాకే కనిపిస్తున్నాయి.

"ఇస్తాలే. ముందు ఇవి తాగు."

పెద్దమ్మ గ్లాసు ఎత్తి పోసుకోలేదు. అంచుకు పెదవి ఆనించి, చివరి చుక్క దాకా తాగింది.

అత్త స్పాంజిని తన తొట్టి నీళ్లతోనే డబ్బాలో వేసి, ఆగలేక తనూ మా వెంట వచ్చింది. ఆ జిడ్డు ముక్కను పెద్దమ్మ ఒట్టి చేత్తో ఫిల్టర్లో పెట్టింది. ఆ తర్వాతి రోజులూ గండంగానే గడిచాయి. పెద్దమ్మ చేయి స్పాంజి వైపు వెళ్లేది, అత్త "ఊఁ!" అనగానే వెనక్కి వచ్చేది. మెల్లగా మొప్పల ఎరుపు తగ్గింది. పెద్ద చేప అడుగుకు దిగి రాళ్లు కెలకసాగింది.

అమ్మకు నిజం చెప్పింది పెద్దమ్మే.

"చిన్నది పోయిందే. నేనే కడిగి కడిగి చంపాను. నీ కడుపులోకీ నా చేతులే ఏదో పంపాయేమో..."

అమ్మ కళ్లు మూసుకుంది. కన్నీళ్లు చెవుల వైపు జారాయి. "మరి పెద్దది?"

"ఉంది. నీ ఆడపడుచు ఇంటి స్పాంజితో బతికింది."

అమ్మ కళ్లు తెరిచింది. "తనింటికి వెళ్లావా నువ్వు? మంచినీళ్లన్నా తాగావా?"

"తాగాను."

"గ్లాసు కడగకుండానే?"

"కడగకుండానే."

అమ్మ నవ్వబోయి, కుట్లు లాగడంతో పొట్ట పట్టుకుంది. పెద్దమ్మ ఆమెను పట్టుకోబోయి, ఆగి, అలవాటుగా చేతులు కడుక్కోవడానికి లేచింది. అమ్మ ఆ చేయి అందుకుని వదల్లేదు.

"ఇలాగే ఉండక్కా" అంది.