బుధవారం ఒక్కపొద్దు

మా డిపార్ట్‌మెంటు ఒక కుటుంబం అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. యూనివర్సిటీలో వ్యవసాయ ఆర్థికశాస్త్రం ఆఫీసులో ఏళ్ల తరబడి టైపు కొట్టినదాన్ని. ఆ కుటుంబంలో ఎవరికి ముద్ద పెట్టారో, ఎవరి నోట్లో మన్ను కొట్టారో పక్కనే కూర్చుని చూశాను. యాదలక్ష్మి సంగతి చెబుతాను, వినండి.

ఆమెది నల్గొండ వైపు పల్లె. తండ్రి ఎల్బీనగర్‌లో లారీలకు హమాలీ చేసి చేసి, నడుం విరిగి మంచాన పడి చనిపోయాడు. తల్లి తిరుపతమ్మ నలుగురిళ్లల్లో అంట్లు తోమి పిల్లను చదివించింది. ఆ పిల్ల చైతన్యపురిలో కిరాయి గదిలో ఉంటూ డాక్టరేటు చేసి, మా దగ్గర తాత్కాలిక టీచరుగా చేరింది. తాత్కాలికం అంటే ఏటేటా మెడ మీద కత్తే. పర్మనెంటు ఉద్యోగం వస్తే ఆ రోజే అమ్మ చేత అంట్లు మాన్పిస్తానని నాతో ఎన్నిసార్లు అందో. బతుకులో ఆమె కోరుకున్నది అదొక్కటే.

పాఠం బాగా చెప్పేది. పొలంలో ఇంటి ఆడమనిషి చేసే చాకిరీకి కూడా కూలి కట్టాలి, కట్టకపోతే నష్టం కూడా లాభంలాగే కనబడుతుంది అని మొదటి రోజే పిల్లలకు చెప్పేది. నేను పక్క గదిలో టైపు కొడుతూ వినేదాన్ని.

పదకొండు గంటలకు లైబ్రరీ గదిలో పొడుగు బల్ల చుట్టూ అందరం చేరేవాళ్లం. హెడ్డు రామమోహనరావు గారి నుంచి అటెండరు దాకా ఒకే ఫ్లాస్కులో టీ. ఎవరి పరిశోధన వ్యాసం అచ్చయితే వాళ్లు ఆ రోజు మిర్చి బజ్జీలు తెప్పించాలి. యాదలక్ష్మి తెప్పించినన్ని సార్లు ప్రొఫెసర్లు కూడా తెప్పించలేదు. తెలంగాణ ఉద్యమం వచ్చింది, ఫ్లాస్కులు రెండయ్యాయి. బల్లకు ఆ కొసన ఆంధ్రావాళ్లు, ఈ కొసన మేము. రామమోహనరావు గారు గోదావరి జిల్లా మనిషి, యాదలక్ష్మి థీసిస్‌కు గైడు. ఆయన ఫ్లాస్కు దగ్గరికి ఆమె పోవడం మానేసింది.

మా కొసకు పెద్ద భిక్షపతి సారు. పర్మనెంటు ప్రొఫెసరు, జేఏసీ కన్వీనరు. అబద్ధమెందుకు, ఆయన మాట్లాడితే నాకే వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. ఏరు దాటి తెప్ప తగలేసే రకమని అప్పుడెవరికి తెలుసు!

సకల జనుల సమ్మె నడుస్తుండగానే ఇంటర్వ్యూ పిలుపులు వచ్చాయి. మా డిపార్ట్‌మెంటుకు ఉన్నది ఒక్క పోస్టు. అందరికంటే ముందు వినబడే పేరు యాదలక్ష్మిదే. భిక్షపతి సారు మేనల్లుడు శ్రీకాంత్‌కు కూడా పిలుపు వచ్చింది. వాడి డాక్టరేటు మీద సిరా ఇంకా ఆరలేదు. ఆంధ్ర పాలకులు పెట్టిన ఇంటర్వ్యూ మనకొద్దు, రాష్ట్రం వచ్చాక మన పోస్టులు మనమే నింపుకుందామని జేఏసీ తీర్మానించింది.

మావాళ్లు చాలామంది ఉండేది ఇటువైపే కాబట్టి ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టాం. విజయవాడ రోడ్డు మీద మూడు రాళ్ల పొయ్యి పెట్టి, పెద్ద గంజులో అన్నం వండింది యాదలక్ష్మే. చెమటలు కారుతూ గరిటె పట్టుకున్న ఆమె ఫొటో మర్నాడు పేపర్లో పడింది. అన్నం ఉడికాక భిక్షపతి సారు అందరి చేతిలో తలా ఒక ముద్ద పెట్టించాడు.

"గీ అన్నం మీద ఒట్టు. మనోళ్లు ఒక్కరు గూడ ఇంటర్వ్యూకు పోవద్దు."

ముందు మింగింది యాదలక్ష్మి. శ్రీకాంత్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరో అడిగితే మామ జవాబు చెప్పాడు, మావోడు ఇయ్యాల ఒక్కపొద్దున్నడు, అన్నం ముట్టడని. ఆ రోజు బుధవారం. సోమవారం శివుడికి ఉంటారు, గురువారం సాయిబాబాకు, శనివారం వెంకన్నకు. బుధవారం ఒక్కపొద్దు ఏ దేవుడికో ఒక్కరికీ తట్టలేదు. పిల్లవాడికి ఎంత భక్తో అనుకున్నాం. మా బుద్ధి తగలెయ్య!

ఇంటర్వ్యూ ముందురోజు రామమోహనరావు గారు వెతుక్కుంటూ చైతన్యపురి గదికి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. టీ పెడతానంటే వద్దన్నారు, గడప దగ్గరే నిలబడ్డారు.

"కోపం ఉంటే నా మీద చూపించమ్మా, ఇంటర్వ్యూ మీద చూపించకు. రేపు రా."

"అన్నం మీద ఒట్టేసిన సార్."

ఆయన గడప దగ్గర నుంచే వెళ్లిపోయారు. ఆ రాత్రి తిరుపతమ్మ కూడా బతిమాలింది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టమంది. బిడ్డ వినలేదు.

మర్నాడు యాదలక్ష్మి ముందు గేటు దగ్గర జెండా పట్టుకుని నినాదాలు ఇచ్చింది, పోలీసుల చేత నెట్టించుకుంది, మోచేయి చీరుకుపోయింది. శ్రీకాంత్ వెనక గేటు నుంచి లోపలికి పోయాడు. పోస్టు వాడికి వచ్చింది.

ఆమె భిక్షపతి సారు గదికి పోయి నిలదీసింది. నేను కాగితాలు పట్టుకుని అక్కడే ఉన్నాను. ఆయనకు సిగ్గన్నది లేదు, నవ్వుతూనే చెప్పాడు.

"పోస్టు ఆంధ్రోనికి పోలే గదా, మనోనికే దక్కింది. మావోడు ఒట్టు తప్పలే యాదలక్ష్మీ. ఆడు అన్నం ముట్టనే లేదు."

ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి కూలబడి ఏడ్చింది. నాకు ఆయన గల్లా పట్టుకోవాలనిపించింది. నా ఉద్యోగం గుర్తొచ్చి పట్టుకోలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయని తిరుపతమ్మ ఒక్క మాట అని, మర్నాడు మళ్లీ అంట్లకు పోయింది.

రాష్ట్రం వచ్చింది. మేమందరం రంగులు చల్లుకున్నాం, యాదలక్ష్మి కూడా చల్లుకుంది. ఖాళీ పోస్టులు మాత్రం ఖాళీగానే ఉన్నాయి. ఆ మరుసటి వేసవిలో తాత్కాలిక టీచర్లందరినీ ఆపేశారు. రామమోహనరావు గారు రిటైరై ఊరు చేరారు, భిక్షపతి సారు హెడ్డయ్యాడు. యాదలక్ష్మి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో చేరి, తనకు రాని ఉద్యోగాలకు ఊరి పిల్లలను తయారుచేయడం మొదలుపెట్టింది.

కొన్నాళ్లకు భిక్షపతి సారు ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో డిపార్ట్‌మెంటు విజయోత్సవం పెట్టాడు. యాదలక్ష్మికి ఫోను చేశాడు. యూనివర్సిటీ పెద్దసార్లు వస్తున్నరు, నీ సంగతి స్టేజి మీద మాట్లాడుత, మళ్ల లోపలికి తీసుకునే మాట ఉన్నది అన్నాడు. చివర్న ఇంకో మాట. నువ్వు మన ఇంటి మనిషివి, భోజనాల కాడ వడ్డన నువ్వే చూసుకో, ఆ వంటావార్పు రోజు లెక్కనే ఉండాలె.

పోవద్దని నేను మొత్తుకున్నాను. ఆశ మనిషిని ఊరుకోనిస్తుందా, పోయింది.

స్టేజి వెనక పెద్ద ఫ్లెక్సీ మీద యాదలక్ష్మి ఫొటో, గరిటెతో. కింద పేరు లేదు. భిక్షపతి సారు డిపార్ట్‌మెంటు సాధించిన విజయాలు చదివాడు. అవార్డులు, ప్రాజెక్టులు, శ్రీకాంత్ వ్యాసాలు. ఇంటర్వ్యూల బహిష్కరణ కూడా అందులో ఒక విజయమట. హాలంతా చప్పట్లు. ముందు వరసలో శ్రీకాంత్ కూడా కొట్టాడు. యాదలక్ష్మి సంగతి వస్తుందని నేను చివరిదాకా చూశాను. వందన సమర్పణ అయిపోయింది, ఆమె పేరు రాలేదు.

అప్పటికే ఆమె భోజనాల దగ్గర గరిటె పట్టుకుని నిలబడి ఉంది. వరసలో వచ్చిన వాళ్లందరికీ వడ్డించింది. శ్రీకాంత్ ప్లేటు చాపి, బాగున్నవా అక్కా అన్నాడు. వాడికీ వడ్డించింది, ఇంకొంచెం వేయమంటే వేసింది. నేను దూరంగా నిలబడి పళ్లు నూరుకున్నాను.

అందరి తిండి అయ్యాక భిక్షపతి సారు స్వయంగా ప్లేటులో అన్నం పెట్టించి తెచ్చాడు. చుట్టూ పెద్దసార్లు ఉన్నారు కదా, గొంతులో తేనె పోసుకున్నాడు.

"పొద్దుగాల నుంచి నిలబడ్డవు. తిను బిడ్డా, నీ సంగతి మళ్ల చూద్దాం."

యాదలక్ష్మి గరిటె గంజులో పెట్టి, చీర కొంగుకు చేతులు తుడుచుకుంది. ప్లేటు వైపు చూడలేదు, ఆయన మొహంలోకే చూసింది.

"ఇయ్యాల బుధవారం సార్. నేను ఒక్కపొద్దున్న."

ఆయన ప్లేటు బల్ల మీద పెట్టేశాడు. పక్కనున్న పెద్దసారు, ఈ కాలంలో ఇంత నిష్ఠ ఎవరికుందని మెచ్చుకున్నాడు. యాదలక్ష్మి చెప్పులు వేసుకుని, సాయంత్రం క్లాసుకు దిల్‌సుఖ్‌నగర్ బస్సెక్కింది.