బోరింగు మీద మొదటి చెయ్యి

ఉగాది తర్వాత వచ్చిన ఆదివారం, పొద్దున పదీ పదికి, మా వకీలు సారు సన్మాన సభను నేనే ఆపాను.

సారుది కరీంనగర్. మా దళితవాడ కోసం ముప్పై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన మనిషి. ఢిల్లీలో ఆయనకు పతకం ఇచ్చారు. అది జేబులో వేసుకుని, ధర్మపురి బస్సెక్కి మా ఊరికి వచ్చాడు. పతకం వాడంతా చేతులు మారింది. నేనూ పట్టుకుని చూశాను. చిన్నదే కానీ బరువుంది.

సారుకొక పద్ధతి ఉంది. మా తరఫున ఏ దరఖాస్తు రాసినా ముందు మాకు చదివి, "తప్పుంటే చెప్పుండ్రి" అనేవాడు. మేం సరేనంటేనే పంపేవాడు. నేను వేలిముద్ర వేయబోతే కసిరేవాడు. ఆ పోరు పడలేకే యాభై దాటాక మనవరాలి ఒకటో తరగతి పుస్తకం ముందేసుకున్నాను. అందుకే ఆ రోజు సన్మాన పత్రం నా చేతికిచ్చాడు.

"చదువు అక్కా. తప్పుంటే చెప్పు."

ఊరి పెద్దలు రాయించిన పత్రమది. సభ ముందు వేలు పెట్టుకుంటూ పైకి చదివాను. నాలుగో వరుస దగ్గర వేలు ఆగింది. పెద్ద వీధి బోరింగును మొదట కొట్టి వాడకు నీళ్లిచ్చింది సారేనని ఉంది.

అప్పట్లో ఆ బోరింగును మేం ముట్టకూడదు. ఎవరైనా దయతలచి కొట్టి పోస్తే బిందె పట్టుకోవాలి. ఒక ఎండాకాలం నా తోడికోడలు విసిగిపోయి, బిందె పెట్టి తానే కొట్టింది. ఆమె పోయి మూడేళ్లు. ఆమె బిడ్డ నా ఎదురుగా కూర్చుంది. ఆ వరుస నేను చదివేస్తే అదే నిజమైపోతుంది. ఆపితే సారు సంబరం పాడవుతుంది.

"ఏమాయె అవ్వా, అక్షరం వస్తలేదా?" అన్నాడు నా ముందు మైకు పట్టుకున్న సర్పంచి. జనం నవ్వారు.

"అక్షరం వస్తది. అబద్ధమే వస్తలేదు. సారు గా దినం బోరింగు ముట్టనే లే. కొట్టింది నా తోడికోడలు."

"గీ సంబరంల గదెందుకు అవ్వా, జర ఆగు" అని సర్పంచి మైకు వెనక్కి తీసుకోబోయాడు.

సారు గట్టిగా నవ్వాడు. "ఆమె చెప్పిందే నిజం. నాకు బోరింగు కొట్టుడు రాదు, ఇప్పటికీ రాదు." లేచి వచ్చి, తన పెన్నుతో ఆ వరుస కొట్టేసి, పెన్ను నాకిచ్చాడు. "గా దినం ఎవరెవరున్నరో నువ్వే రాయి. కింద నేను సంతకం పెడ్త."

"మా అమ్మను ముందు రాయి పెద్దమ్మా" అంది తోడికోడలి బిడ్డ.

"నువ్వు గూడ ఉన్నవే, నా చంకల. ఒకటే ఏడుపు" అన్నాను.

సభను కూర్చోబెట్టి నింపాదిగా రాశాను. ఎవరూ తొందరపెట్టలేదు. పత్రంలో పేర్లున్నాయి, ఇక్కడ ఎవరెవరో చెబితే చాలు. బోరింగు కొట్టిన నా తోడికోడలు. బిందె పట్టిన మా అత్త. ఆపడానికొచ్చి, ఆపకుండా నిలబడిన నా మరిది. దూరం నుంచి తిట్టిన పెద్ద వీధి ముసలాయన. చంకలో పిల్లతో నేను. ఆ పిల్ల. అందరి వెనక, కాగితం మీద రాసుకుంటూ, వకీలు సారు.