మారెక్క చెప్పిన మాట

కొన్నేళ్లుగా నా లోపల ఒక మాట ఉంది. అది నా మాట కాదు, ఇంకొకరిది. అవతలి మనిషికి అందించమని నాకు అప్పగిస్తే నేను అందించలేదు. మోసి మోసి అలసిపోయాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకేనేమో మీతో చెప్పగలుగుతున్నాను. నలభై దాటాక సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చినదాన్ని. నిదానంగా రాస్తాను. మీరూ నిదానంగానే చదవండి.

మాది శింగనమల పక్కన ఒక పల్లె. వాన పడితే వేరుశనగ, పడకపోతే ఎక్కడ కూలి దొరికితే అక్కడ. పెళ్లయిన కొత్తలో కొన్నేళ్లు గుంతకల్లులో ఉన్నాం. నా భర్త స్టేషన్లో మూటలు మోసేవాడు. నేను రైల్వే క్వార్టర్సులో ఒక హిందీవాళ్ల ఇంట్లో అంట్లు తోమేదాన్ని. ఆ ఇల్లాలిది హిమాలయాల దగ్గర ఏదో ఊరు. పొద్దున తలుపు తీస్తే ఎదురుగా మంచుకొండ కనిపిస్తుందని, ఎండ పొడకు దాని రంగు మారుతుందని వంట చేస్తూ చెప్పేది. హిందీ ఆమె దగ్గరే వచ్చింది నాకు. ఆ కొండ మీద ఆశా అక్కడే పుట్టింది. ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారు.

ఊరికి తిరిగొచ్చి చాలా కాలమయ్యాక, మా సాయంత్రం బడి టీచరమ్మ ఒక కబురు తెచ్చింది. బెంగళూరులో ఒక సంస్థ పల్లె ఆడవాళ్లను హిమాలయాల్లో ఒక శిఖరానికి తీసుకుపోతుందట. ఖర్చంతా వాళ్లదే. తాళ్లు పట్టుకుని బండలెక్కే విద్య అక్కర్లేదు, నడక వస్తే చాలు. చివర్లో మాత్రం బూట్లకు ఇనుప ముళ్లు తగిలించుకుని మంచు మీద నడవాలి. అయితే ఎత్తు చాలా ఎక్కువ, అక్కడ గాలి పలచన. ఇంకో షరతు కూడా ఉంది. ఒక ఊరి నుంచి నలుగురుంటేనే రమ్మంటారు. ఒకరు తగ్గినా ఆ అవకాశం వేరే ఊరికి పోతుంది. మా బడిలో చేతులెత్తింది సరిగ్గా నలుగురం. నేను, మారెక్క, ఇంకో ఇంటి అక్కచెల్లెళ్లిద్దరు.

మారెక్కకు పేరులోనే అక్క ఉంది కానీ నాకంటే చిన్నది. నన్నే అక్కా అని పిలిచేది. పక్కపక్క ఇళ్లు, ఒకే కూలి గుంపు. ఆమెకు ఆయాసం ఉండేది. ఏడాదంతా కాదు. వేరుశనగ కాయలు కొట్టే కాలంలో దుమ్ము లేస్తే ఛాతీ బిగుసుకుని ఈల వేసినట్టు ఊపిరి తీసేది. దుమ్ము అణిగితే మళ్లీ మామూలే.

కలుపు తీసేటప్పుడు మాలో ఒక పద్ధతి ఉంది. ఒకరి సాలు వెనకబడితే పక్క సాలులో ఉన్న మనిషి చెయ్యి చాచి ఆ కలుపు కూడా కొంత పీకేస్తుంది. మేస్త్రీ తలెత్తి చూసేసరికి అందరం ఒకే వరుసలో ఉంటాం. వెనకబడింది ఎవరో అతనికి తెలియకూడదు. తెలిస్తే మర్నాడు పనికి పిలవడు. మారెక్క సాలు నేను ఎన్నోసార్లు అలా లాగాను.

మమ్మల్ని నడిపించబోయే గైడు ఆ కొండల మనిషే. నెలల ముందే మా ఊరొచ్చి, బడి వరండాలో కూర్చుని, నేల మీద సుద్దముక్కతో మా ప్రయాణమంతా గీశాడు. ఎక్కడ రైలు దిగాలి, ఎక్కడి నుంచి నడక, ఎక్కడ ఊరికే ఆగి ఒంటిని ఆ గాలికి అలవాటు చేసుకోవాలి. పగలు పైదాకా ఎక్కి, రాత్రికి కిందికి దిగి పడుకోవాలన్నాడు. ఎక్కింది దిగేదెందుకప్పా, కూలి దండగ కదా అని అక్కచెల్లెళ్లలో పెద్దామె అంటే అందరం నవ్వాం. ఆ నవ్వు ఎందుకో ఆయనకు హిందీలో నేనే చెప్పాను. టీచరమ్మకు హిందీ రాదు, ఆయనకు తెలుగు రాదు. ఎవరు ఏమనాలన్నా నా నోటి మీదుగానే పోవాలి. అంతమంది నా మాట కోసం చూడటం నా బతుకులో అదే మొదలు. అది నాకు బాగా నచ్చింది. ఈ సంగతి కూడా దాచకూడదు.

ఆయన చెప్పినట్టే తయారయ్యాం. సంచుల్లో ఇసుక నింపుకుని మా ఊరి గుట్ట ఎక్కి దిగేవాళ్లం. కొత్త బూట్లు కాళ్లకు అలవాటు కావాలని వాటితోనే చేనికి పోయేవాళ్లం. ఏం వదినా, పోలీసు ఉద్యోగమొచ్చిందా, మా కోడి పోయింది, కొంచెం వెతికిపెట్టు అని దారిలో వెక్కిరించేవాళ్లు. అనంతపురంలో డాక్టరు పరీక్షలు చేశాడు. అది ఎండాకాలం, కాయల దుమ్ము లేదు. మారెక్క ఛాతీలో ఆయనకు ఏమీ వినిపించలేదు.

గైడు రెండోసారి వచ్చినప్పుడు ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ఇంతకు ముందెప్పుడైనా ఆయాసం వచ్చిందా, ఛాతీ పట్టేసిందా అని అడిగాడు. ఇక్కడ చెప్పి ఆగిపోతే సిగ్గేమీ లేదు, దాచిపెట్టి అక్కడికొస్తే ప్రాణం మీదికొస్తుంది, ఈ ఒక్క మాట మాత్రం జాగ్రత్తగా చెప్పు అని నాతో అన్నాడు. జాగ్రత్తగానే చెప్పాను. మారెక్క వంతు వచ్చింది.

“కాయలు కొట్టేటప్పుడు నాకు దమ్ము కట్టుకుంటాది గదక్కా, అది చెప్పు ఆయప్పకు. నాకు పోవాలనే ఉండాది. ఆయప్ప వద్దంటే మాత్రం ఈడనే నిలబడిపోతా.”

గైడు నా వైపు చూశాడు.

“ఏమీ లేదంటోంది,” అన్నాను హిందీలో.

“ఏమీ లేదనడానికి అంత సేపు పట్టిందా?”

“తనను వదిలేసి పోతారేమోనని భయం. తీసుకుపొమ్మని బతిమాలుతోంది.”

ఆయన నవ్వి, నిదానంగా నడిపిస్తానని చెప్పమన్నాడు. నేను మారెక్క వైపు తిరిగాను.

“చెప్పినా. ఏం కాదులే, నేను చూసుకుంటా అంటాండాడు.”

మారెక్క ఆయనకు చేతులెత్తి మొక్కింది.

అంతే. ఊపిరి పీల్చి వదిలేంత సేపట్లో అయిపోయింది. ఆ తర్వాత ఎన్నోసార్లు నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, అప్పుడు నా మనసులో ఏముంది? మేస్త్రీ కంట పడకుండా సాలు లాగినట్టే లాగాననుకున్నానా? అలాగే అనుకున్నాను, నిజమే. ఆమెకూ పోవాలని ఉంది, ఆమె మంచికే కదా అని కూడా అనుకున్నాను. కానీ చేనిలో నేను లాగింది ఆమె కూలి నిలబడాలని. ఇక్కడ? ఆమె ఆగిపోతే నలుగురం ముగ్గురమవుతాం, నా కొండ నాకు దక్కదు. ఆ లెక్క నాకు ముందే తెలుసు. ఆమె నోరు తెరవకముందే, ఆ మాట అనకుండా ఉంటే బాగుండునని అనుకున్నాను. అన్నాక, అననట్టు చేశాను.

కొండల్లో మొదట బాగానే నడిచాం. పైకి పోయేకొద్దీ చలిగాలి పొడిగా, గొంతు గీసినట్టు తగిలేది. మారెక్క దగ్గడం మొదలుపెట్టింది. ఆమె సంచిలో బరువులు ఒక్కొక్కటే నా సంచిలోకి మార్చుకున్నాను. గైడు వెనక్కి తిరిగినప్పుడల్లా ఆమె పక్కనే నిలబడి, నేనే అలిసిపోయినట్టు ఆగేదాన్ని. అక్కడ కూడా ఆమె వెనకబడటం ఆయనకు కనపడనివ్వలేదు. శిఖరం ఇంకా రెండు మకాంల దూరం ఉందనగా, మంచి ఎండలో, ఆమె కూలబడిపోయింది. పెదవులు నల్లబడ్డాయి. ఊపిరి లోపలికి పోవడం లేదు.

గైడు గాలి సిలిండరు పెట్టి, గుర్రం మీద కూర్చోబెట్టి, తనే కిందికి తీసుకుపోయాడు. హిందీ వచ్చినదాన్ని కాబట్టి నేనూ దిగాను. అక్కచెల్లెళ్లిద్దరూ ఇంకో గైడుతో కొనదాకా పోయివచ్చారు.

కింద ఊళ్లో ఆసుపత్రి డాక్టరు ఇది పాత జబ్బేనా అని అడిగాడు. ప్రాణం కదా. అవునని చెప్పాను. గైడు పక్కనే ఉన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదో అడుగు అన్నాడు.

అదీ నేను నిజం చెప్పవలసిన చోటు. మంచం మీద ఆమె, మంచం పక్కన ఆయన, మధ్యలో నేను. ఎలా ఉందని అడుగుతున్నాడని మారెక్కతో చెప్పాను. ఆమె మూతి మీద గొట్టం పక్కకు జరిపి, ఆయప్పను బాధపడొద్దని చెప్పమంది. తాను ముందే చెప్పింది, ఆయన తెలిసే ధైర్యం చేసి తీసుకొచ్చాడు, ఆయన తప్పేమీ లేదు, తన ఒళ్లే మోసం చేసింది, ఇదీ ఆమె చెప్పమన్నది. నేను ఆయన వైపు తిరిగి, భయపడి దాచిందట, క్షమించమంటోంది అన్నాను. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుంది. చెయ్యని తప్పుకు ఆయన ఆమెను క్షమించాడు. ఆమె ఆయనను క్షమించింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఒకరిద్దరు నర్సులు నన్ను మెచ్చుకున్నారు కూడా, స్నేహితురాలి కోసం కొండ వదులుకున్నానని.

మారెక్క బతికింది. కానీ ఆ ఊపిరి మళ్లీ మునుపటిలా కాలేదు. వంగి కలుపు తీయలేకపోయేది, బిందె ఎత్తలేకపోయేది. కూలి మానేసి రాప్తాడులో రోడ్డు పక్కన బడ్డీకొట్టు పెట్టుకుంది. రోగమున్నదాన్ని తెలిసీ తీసుకుపోయినాడని మా ఊళ్లో ఇప్పటికీ గైడును తిడతారు. ఆయన మీద మాట పడితే మారెక్క ఊరుకోదు. దగ్గుతూనే పోట్లాడుతుంది. గైడు మాత్రం, ఆ తర్వాత వచ్చిన ఆడవాళ్లందరికీ, అనంతపురం నుంచి వచ్చి జబ్బు దాచిన ఒకామె కథ చెబుతున్నాడట. బెంగళూరు సంస్థవాళ్లు నాతో హిందీలో అంటే తెలిసింది.

రాప్తాడు మీదుగా పోయినప్పుడు బస్సు దిగి ఆమె దగ్గర కూర్చుంటాను. పోకుండా ఉండలేను, పోయి ఉండలేను. కదిలిస్తే ఆమెది ఒకటే బాధ.

“నా వల్ల నువ్వు కొనదాకా పోలేకపోతివి కదక్కా.”

పోనీలే అంటాను. ఆ పోనీలే అన్నప్పుడల్లా నాలో ఏదో ఇంకొంచెం చచ్చిపోతుంది. చెబితే ఏమవుతుంది? ఆమెకు మిగిలిన స్నేహం నాదొక్కటే, అదీ లేకుండా పోతుందేమో. ఇది ఆమె మీద జాలా, నా మీద నాకు జాలా? ఎన్నాళ్లు తవ్వినా తేలలేదు. రేపు పోయి చెబుతానని మీకు మాట ఇవ్వను. నన్ను క్షమించమని కూడా అడగను. మీరు క్షమిస్తే ఆమెకు ఊపిరి రాదు.

చెయ్యి నొప్పి పుడుతోంది. ఇంత పొడుగున నేనెప్పుడూ రాయలేదు. ఈ కాసిని ముక్కలు హిందీలో గానీ తెలుగులో గానీ ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. ఇక్కడ అంటున్నాను.

మారెక్క ఏమీ దాచలేదు. గైడుకు ఏమీ తెలియదు. మాట మార్చింది నేను.