చెమట పట్టిన బండ మీద గిటారు

గిటారు చేసేవాడికి ముందు కావలసింది చెవి. నాకున్నవి రెండూ అలంకారానికే. వికారాబాద్‌లో బడిపిల్లలకు డ్రాయింగ్ చెప్పుకునే మనిషిని. చెక్కపని సరదాకు నేర్చుకున్నాను. సెలవు రోజు రేకుల షెడ్డులో చెక్కలు ముందేసుకుని కూర్చుంటే మా ఆవిడ "మొదలైంది చెక్కభజన" అనేది. స్టూళ్లూ, రెండు నాసిరకం గిటార్లూ అయ్యాక, తాండూరు నుంచి మా బామ్మర్ది వచ్చాడు.

"బావా, నాకొకటి మంచిది చెయ్యి. స్టేజీ మీద మైకు లేకున్నా ఆఖరి కుర్చీ దాకా ఇనవడాలె."

"ఆఖరి కుర్చీల ఎవడు కూసుంటడురా?"

"నువ్వే. ముందట కూసుంటే నిద్రవోతవ్."

వాడు బండల పాలిష్ యూనిట్‌లో మిషన్ నడుపుతాడు. పగలంతా రాయి కోసే రంపం పక్కన, సాయంత్రం నైలాన్ తీగల గిటారుతో. నవ్వుతూ అడిగాడు గానీ, ఆ రోజు వచ్చింది చెవుల డాక్టరు దగ్గర్నుంచి. సన్నటి శబ్దాలు ముందు పోతాయని, పోయినవి మళ్లీ రావని డాక్టరు చెప్పాడట. పని మానెయ్యమన్నాను. "మానేసి గిటార్ తినాల్నా?" అన్నాడు. చెవుల్లో దూది పెట్టుకుంటే మేస్త్రీ పిలిచింది వినపడదు, తిట్లు పడతాయి. అంటే, చెవులు పోకముందే తన గిటారును తను వినాలి. నేనా, తొందరగా చేసిన పని ఇంతవరకు ఒక్కటీ లేనివాణ్ని.

పక్కలకూ వెనకకూ జిట్రేగి చెక్క దొరికింది. తడిపి, కాలిన ఇనుప గొట్టం మీద ఒత్తి గిటారుకు నడుము వంపు తెచ్చాను. నా నడుమూ దాంతోపాటే వంగింది. పైచెక్క మాత్రం స్ప్రూస్, చలిదేశాల చెట్టు, కొరియర్‌లో తెప్పించాను. ప్రాణమంతా అందులోనే. మందంగా ఉంటే మూగపోతుంది, మరీ పలచనైతే తీగల గుంజుడుకు వంగిపోతుంది. చిత్రిక పట్టి, వేలి కణుపుతో తట్టి విని, మళ్లీ చిత్రిక పట్టాలి. తట్టేది నేను, వినేది వాడు. ఆదివారాలు ప్యాసింజర్ రైల్లో వచ్చి, చెవి దగ్గర పట్టుకుని "ఇంకా జర" అనేవాడు. ఒకరోజు "బస్, ఇగ ముట్టకు" అన్నాడు. తట్టితే లోతు బావిలో రాయి పడ్డట్టు మోగింది.

దాని అడుగున విసనకర్ర పుల్లల్లా సన్న బద్దలు అతికించాలి. అతికించేటప్పుడు చెక్క కింద ఎత్తుపల్లాలు ఉండకూడదు. "మా యూనిట్ల అద్దం లెక్క బండ ఉన్నది" అని వాడు ఆటోలో మోసుకొచ్చాడు. తాండూరోళ్లకు ఏ కష్టానికైనా బండే మందు. నేనూ మురిసిపోయాను. చెక్కను దాని మీద పరిచి, బద్దలు అతికి, బరువులు పెట్టాము. ముసురు రోజులవి. ముసురులో నేలబండలకు చెమట పట్టడం ఇద్దరం పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. చెక్కను తట్టడం తప్ప మాకు ఇంకేమీ తట్టలేదు. కింది తడి తాగి ఉబ్బిన చెక్కను అట్లాగే పక్కలకు బిగించేశాను.

ఎండాకాలానికి గిటారు తాండూరు చేరింది. ఆ ఎండకు చెక్క ఆరి ముడుచుకోబోయింది, చుట్టూ ఉన్న జిగురు కదలనివ్వలేదు. ఒక మధ్యాహ్నం వాడు ఫోన్ చేశాడు. "బావా, టప్పుమన్నది. నాకే ఇనవడ్డదంటే ఎంత గట్టిగ పలిగిందో చూస్కో."

నిలువునా చీలింది. పైచెక్క ఊడదీసి, మళ్లీ స్ప్రూస్ తెప్పించాను. వానలు తగ్గేదాకా ఆగి, ఈసారి ఎండిన టేకు బల్ల మీద పరిచి బద్దలు అతికించాను. ఆదివారాలు వాడు వస్తూనే ఉన్నాడు. అయితే ఇప్పుడు చెక్కను చెవికి ఆనించి పట్టుకుంటున్నాడు. "ఇంకా జర" అనడం లేదు. "నువ్వే చెప్పు బావా" అంటున్నాడు. నాలాంటి చెవిటిమాలోకాన్ని అడుగుతున్నాడు.

చలికాలంలో నేనూ మా ఆవిడా గిటారు తీసుకుని తాండూరు వెళ్లాము. మార్కెట్ దారిలో కందుల లారీలు అడ్డంపడి ఆలస్యమైంది. వాడు వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. లోపల కిటికీ మూసి వాయించాడు. లావుతీగలు గోడలోంచి వస్తున్నట్టు గుండ్రంగా పలికాయి. చెక్క వాడి ఛాతీకి ఆని అదురుతోంది. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. తర్వాత పాట సన్నతీగ మీదికి ఎక్కింది. నైలాన్ తీగ కొత్తలో సాగుతుంది. అప్పటికే శ్రుతి దిగిపోయి, ప్రతి స్వరం పక్కకు పడుతోంది. నా చెవులకే తెలుస్తోంది. వాడు కళ్లు మూసుకుని, తల ఊపుతూ, శ్రద్ధగా వాయిస్తున్నాడు. చెప్పొద్దన్నట్టు మా ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎట్లున్నది బావా?"

"మస్తున్నది" అన్నాను. అన్నాను గానీ, అలవాటుకొద్దీ చెయ్యి పోయి ఆ తీగను బిగించే బిరడా తిప్పింది. వాడు నా మొహం చూడలేదు. బిరడా తిరుగుతున్నంతసేపూ దాన్నే చూశాడు.

"గంత దిగిందా?"

"కొత్త తీగ గదరా, సాగుతది."

"సాగుతది. నాకెరుకే," అన్నాడు. "అది సాగింది నాకు ఇనవడాలె గద."

ఇంకొకటి వాయించమంది వాళ్లక్క. వాయించాడు, చాలాసేపు, లావుతీగలు మూడింటి మీదే. సన్నతీగ మీదికి వాడి వేలు మళ్లీ పోలేదు.