మా మామగారి రాగం

అమెరికావాళ్ళు మా మామగారి పాటను దొంగిలించారని సిడ్నీ శివారు పారమట్టాలో మా ఆఫీసంతా వినేలా ప్రకటించిన ఘనుణ్ణి నేను. ఎనభైల చివర్లో సంగతి. టీ వేళ అలమార మీది రేడియోలో ఆ రాగం మొదలైంది. నేను కప్పు కింద పెట్టి, "ఆపండి! ఇది మా మామగారిది!" అని లేచాను.

పక్క సీటు ఆవిడ నన్ను జాలిగా చూసింది. "మేట్, నా పెళ్ళిలో మొదటి డాన్స్ ఈ పాటకే. అప్పటికే దీన్ని నలుగురు పాడేశారు. మీ మామగారు ఎప్పుడైనా ఈ పాట పుట్టిన అలబామా వెళ్ళారా?"

"విశాఖపట్నం దాటలేదు."

"అయితే మంచి చెవులున్న మనిషే" అంది.

కాకినాడలో మా చర్చి క్వయర్ మా మామగారి చేతిలో ఉండేది. ఆయన పాటలు అల్లేవారు, నేను ఆయనకు అల్లుణ్ణి; మా మధ్య సంగీత సంబంధం అంతవరకే. పెళ్ళికి ముందు క్వయర్‌లో చేరతానని వెళితే, "బాబూ, నీ గొంతు కూరగాయల బండికి బాగుంటుంది" అన్నారు. ఆ పెద్దాయన సొంతంగా కట్టిన రాగమని అందరూ చెప్పుకునే ఆరాధన గీతాన్ని మా జిల్లాలో పాడని గుడారాల కూటం లేదు. పాశ్చాత్య బాణీలకు తెలుగు మాటలు కూర్చడం మా చర్చిల్లో మామూలే. కానీ అలా కూర్చినప్పుడు ఆ మాట చెప్పేసేవారు. ఈ ఒక్క పాట దగ్గరే ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పక్క సీటు ఆవిడ తన దగ్గరున్న గాత్రాలన్నీ ఒక క్యాసెట్లో ఎక్కించి ఇచ్చింది. మొదటివాడు నల్లజాతి గాయకుడు, చర్చిలో పెరిగిన గొంతు. వెళ్ళిపోతున్న మనిషిని వాన వెలిసేదాకా ఉండమని అడుగుతాడు, అంతే. అడిగేటప్పుడు గొంతు ఒకచోట చిరుగుతుంది. తర్వాతి ఆయన ఆ చిరుగుకు వయొలిన్లతో కుట్టు వేశాడు. వాన పోయి గొడుగు మిగిలింది. ఒక గాయని అవే మాటలు పాడితే, వెళ్ళిపోయేది తనే అనిపించింది. మరో బృందం చేతిలో ఆ వీడ్కోలు పిక్నిక్ అయింది. ఇక రేడియోలో మోగుతున్న కొత్తదానిలో డ్రమ్ములు మనుషులు వాయించినవి కావు. వీళ్ళందరి తర్వాత నా జ్ఞాపకంలో, హార్మోనియం ముందు మా మామగారు. ఆయన వానను తీసేసి, "కడవరకు నిలువుమయ్యా" అని ప్రభువును అడిగారు. మొదటివాడు పాడిన తరహా సంగీతాన్ని సోల్ అంటారట. సోల్ అంటే ఆత్మ కదా, మా ఊళ్ళో అది పరిశుద్ధాత్మ అయింది. చర్చిలో పుట్టిన గొంతు ప్రేమలోకి వెళితే, ఈయన దాన్ని వెనక్కి చర్చికి తెచ్చారు. దొంగతనమనడానికి నాకు నోరు రాలేదు. కాదనడానికీ రాలేదు.

ఇంతలో మా ఆవిడ కాన్పు కోసం అత్తమామలు హారిస్ పార్క్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చారు. మా అబ్బాయి పుట్టిన నెలకు, ఆదివారం మధ్యాహ్నాలు అద్దె హాల్లో కూడే మా తెలుగు క్రైస్తవ సంఘం ఆ గీతం స్వరకర్తకు శాలువా కప్పాలని నిర్ణయించింది.

"మీరు గనక ఆ క్యాసెట్ సంగతి ఎత్తి నాన్న పరువు తీశారో..." అని మా ఆవిడ వాక్యం పూర్తి చేయలేదు.

సంఘంలో చెప్పను గానీ ఆయనకైనా తెలియాలి కదా అనుకున్నాను. సన్మానానికి ముందురోజు కారులో మేమిద్దరమే ఉన్నప్పుడు క్యాసెట్ పెట్టాను. మామగారు కిటికీలోంచి చూస్తూ మొదటివాణ్ణి చివరిదాకా విన్నారు. వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తూనే ఉన్నాయి.

"ఒక్కసారే విన్నానండీ అల్లుడుగారూ. బీరువా మీద రేడియో ఉండేది, సిలోన్ స్టేషనో మరోటో. పేరు చెప్పేలోపు కరెంటు పోయింది. ఏళ్ళపాటు నాలోనే తిరిగింది. నాదేమో అనుకున్నాను. కొంతకాలానికి నాదే అనుకున్నాను."

"రేపు ఏం చెబుతారు, మామయ్యగారూ?"

"వెనక్కి తిప్పండి, ఇంకోసారి వింటాను." విన్నాక, "బాగానే పాడాడు గానీ, రెండో చరణంలో నా అంత ఎత్తుకి వెళ్ళలేకపోయాడు పాపం" అన్నారు.

మర్నాడు శాలువా కప్పించుకుని మైకు ముందు ఆయన కళ్ళు మూసుకున్నారు. మా ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఈ రాగం నాది కాదు," అన్నారాయన. వెనక వరసలవాళ్ళు కూడా తలలెత్తారు. "ఇది నాకు పైనుంచి అనుగ్రహించబడినది." జనం ఆమెన్ అన్నారు, చప్పట్లు కొట్టారు. బీరువా మీది రేడియో ఎంత పైనుందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అబద్ధం చెప్పకుండా గట్టెక్కిన ఆయన నేర్పుకు నేనూ చప్పట్లు కొట్టాను, ఒళ్ళు మండుతుండగా.

తరువాతి వారం భోజనానికి వచ్చిన ఒక ఆంటీ, పిల్లవాణ్ణి భుజాన వేసుకుని నేను పాడుతున్న జోలపాట విని ఆగిపోయారు. రాగం అదే; వానా, ఉయ్యాలా అంటూ మాటలు మాత్రం నేను కూర్చినవే.

"ఎంత బాగుంది బాబూ! ఎక్కడో విన్నట్టే ఉంది. ట్యూన్ ఎవరిది?"

మామగారు ప్లేటులోంచి తలెత్తారు.

"నాదే ఆంటీ," అన్నాను.

ఆయన నోరు తెరిచారు. నేను ఆయన కళ్ళలోకే చూస్తూ మనవణ్ణి జోకొడుతూ రెండో చరణం ఎత్తుకున్నాను. ఆయన నోట్లో ముద్ద పెట్టుకున్నారు.