మా పెద్దమ్మ వేయించిన తూము

మా పెద్దమ్మ పోయిన కబురు తెచ్చినాయన మామిడికుదురులో మా గుమ్మం ముందు సైకిలు దిగి, "ఇంట్లో ఎవరున్నారండీ?" అన్నారు. నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను. "నేనున్నానండీ, చెప్పండి" అన్నాను. "అది కాదండీ, మగవాళ్ళెవరూ లేరాండీ?" అని ఆయన కొబ్బరిచెట్ల వైపు చూస్తూ ఉండిపోయారు. మావారు తోటలోంచి వచ్చేదాకా నాకు ఆ మాట చెప్పలేదు. పోయింది నన్ను పెంచిన మనిషి. ఆయన మీద వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. దేవుడు నన్ను క్షమించాలి.

మా వైపు ఆడపిల్లలకు చిన్నప్పుడే నేర్పే మాట ఒకటుంది. మగవాళ్ళు లేనప్పుడు ఎవరైనా వచ్చి పిలిస్తే, తలుపు చాటు నుంచి "ఎవరూ లేరండీ" అనాలి. అత్తగారూ కోడళ్ళూ పిల్లలతో ఇల్లు నిండుగా ఉన్నా సరే, ఎవరూ లేనట్టే. పెద్దమ్మ ఆ మాట ఎన్నడూ అనలేదు. "ఆదివారం చర్చిలో అబద్ధమాడకూడదని చదువుకుని, సోమవారం గుమ్మంలో నిలబడి నేను లేనని ఎలా చెప్తానే?" అనేది.

ఆవిడ గొంతు పెద్దది. అరుగు మీద కొబ్బరి ఈనెలు తీస్తూ మాట్లాడితే వీధి చివరికి వినపడేది. చర్చిలో ఒకసారి పాస్టరుగారు, "కాస్త నెమ్మదిగా పాడండమ్మా" అన్నారు. "ఆయ్, అలాగేనండీ" అని తరవాతి చరణం ఇంకా గట్టిగా ఎత్తుకుంది. ఆవిడ మరిది, మా చిన్నాన్నదీ అంత గొంతే. ఆయన కేకలేస్తే "నిక్కచ్చి మనిషి" అనేవారు. అలాగే ఆవిడ కేకలేస్తే "మగరాయుడు" అనేవారు.

కొత్తపేట దగ్గర మా పుట్టింటి వీధిలో వానాకాలం మురుగునీరు పోయే దారి లేక మొలలోతు నిలిచేది. మంచినీళ్ళ బిందెలతో అందులో నడిచేది ఆడవాళ్ళే. ఒక ఏడు నిండు చూలాలొకామె జారి పడింది. ఆ వారంలోనే రోడ్లూ కాలవల పనులూ చూసే ఓవర్సీరుగారు వచ్చారు. నేనప్పుడు పుట్టింట్లోనే ఉన్నాను. మగవాళ్ళంతా కొబ్బరి దింపులకు వెళ్ళారు. ఆయన ప్రతి గుమ్మంలోనూ పిలిచారు. ప్రతి తలుపు వెనక నుంచీ "ఎవరూ లేరండీ" అనే వచ్చింది. ఆయన జీపు వైపు తిరిగారు.

"ఓవర్సీరుగారూ, నేనున్నానండీ!" అంది పెద్దమ్మ అరుగు మీంచి.

"మగవాళ్ళున్నప్పుడు వస్తాలెండమ్మా."

"వాళ్ళొచ్చేదాకా నీళ్ళు ఆగుతాయేంటండీ? బిందెలు మోసేది మేము. ఎక్కడ జారతామో వాళ్ళకేం తెలుసండీ? చెప్పులిడిచి దిగండి, చూపిస్తాను."

ఆయన ప్యాంటు మడిచి దిగారు. తలుపుల చాటు నుంచి ఒక్కొక్కరే ఇవతలికి వచ్చి, "ఇక్కడండీ, ఇక్కడ కూడానండీ" అని చూపించారు. మరుసటి వేసవిలో తూము వేశారు.

ఓవర్సీరుగారు వచ్చిన నాటి సాయంత్రమే చిన్నాన్న, "ఆఫీసరు ముందు అంత నోరేంటి వదినా? పరువు పోయింది" అన్నారు.

"పోతే పోయింది మరిదిగారూ, నీళ్ళు కూడా పోతాయి" అంది.

పోయిన వారం మా పుట్టింటి వీధిలోనే పెద్దమ్మ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక జరిగింది. కుర్చీల్లోంచి మగవాళ్ళు లేచి మాట్లాడారు. "మగరాయుడిలాంటి మనిషి, అయినా మనసు మంచిది" అన్నారొకరు. ఆ 'అయినా' ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇంకొకాయన, ఆవిడ మరిదిగారు బతికుండగా పట్టుబట్టి మన వీధికి తూము వేయించారని, అలాంటి కుటుంబమని చెప్పారు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. చనిపోయిన మనిషి చేసిన పనిని ఆవిడ ఫొటో ముందే ఇంకొకరికి రాసిచ్చేశారు.

పాస్టరుగారు కుర్చీల వైపు చూసి, "ఇంకా మాట్లాడేవారు ఎవరూ లేరు కదండీ, ప్రార్థన చేసుకుందాం" అన్నారు.

నేను నలుగురిలో మాట్లాడి ఎరగను. లేచి "నేనున్నానండీ" అన్నాను. "వినపడలేదమ్మా" అన్నారెవరో. మళ్ళీ అన్నాను. తూము సంగతి చెప్పాను. మొదటి నుంచి మొత్తం చెప్పాను. నేను కూర్చోకముందే, ఆనాడు జారి పడినామె లేచి, "ఆయ్, నేనూ ఉన్నానండీ ఆ రోజు" అంది. ఆమె పక్కన ఇంకొకామె లేచింది.

బయటికి వచ్చేసరికి వాన మొదలైంది. మేమంతా తూము మీద కాసేపు ఆగాం. కింద నుంచి నీళ్ళు పెద్ద చప్పుడుతో చేల వైపు పోతున్నాయి. వాటిని నెమ్మదిగా పొమ్మనేవాళ్ళు లేరు.